కోటు తొడిగాం సరే, విప్పేదెవరు?

పోయిన డిసెంబర్‌లో మన హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫొటో బాగా తిరిగింది. ఎర్ర ఫ్లీస్ కోటు వేసుకుని మెస్ మెట్ల మీద దర్జాగా కూర్చున్న బ్యాక్‌లాగ్. (కొత్తగా వచ్చిన ఫస్టియర్స్ కోసం: ఇక్కడ బ్యాక్‌లాగ్ అంటే సబ్జెక్టు కాదు, కుక్క. ఎంత తరిమినా పోదని సీనియర్లు పెట్టిన పేరు.) ఆ కోటు కొన్న బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. తలా వంద వేసుకుని క్యాంపస్ కుక్కలకి పన్నెండు కోట్లు తెప్పించాం. రూపాయలు కాదు, తొడుక్కునేవి. రీల్‌కి లైకులు కూడా దండిగా వచ్చాయి.

వెనక గేటు సెక్యూరిటీ అంకుల్ మాత్రం మెచ్చుకోలేదు. "గానికి చలేస్తే పొయ్యికాడి బూడిదల పండుకుంటది బిడ్డా. మీరు చొక్కా తొడిగి పోతరు. విప్పేదెవరు?" అన్నాడు. మేం నవ్వి ఊరుకున్నాం. అంకుల్‌కి ఫ్యాషన్ తెలీదులే అనుకున్నాం.

పది రోజులకి తెలిసొచ్చింది. రాత్రంతా గడ్డిలో తిరిగే కుక్కకి తెల్లారేసరికి కోటు మంచుకి తడిసి ముద్దవుతుంది. విప్పేవాళ్లు లేరు కాబట్టి ఆ తడి బట్టతోనే అది మళ్లీ పడుకుంటుంది. బ్యాక్‌లాగ్‌కి ముందుకాలి చంకలో బొచ్చు ఊడిపోయి, చర్మం ఎర్రగా కందిపోయింది. ఇంకో కుక్క కోటు మెస్ వెనక ముళ్లకంచెకి తగులుకుంది. రాత్రంతా అరిచిందట. మేమందరం హెడ్‌ఫోన్స్‌లో ఉన్నాం. పొద్దున అంకులే బ్లేడుతో కోసి విడిపించాడు. ఆ కోసిన కోటు ముక్క ఇప్పటికీ కంచె మీదే ఉంది, అటు వెళ్లినప్పుడు చూడండి.

హీట్ ట్రాన్స్‌ఫర్‌లో నాకొచ్చిన మార్కులు అడగొద్దు గానీ, ఇది ఆ సబ్జెక్టే. కోటు వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి, ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఆ గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరితే కథ తిరగబడుతుంది. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. అందుకే తడిసిన కోటు కన్నా ఒట్టి ఒళ్లే నయం. కుక్కకి ఇది మనకంటే ముందే తెలుసు. ముక్కు తోక కింద పెట్టుకుని ఉండలా చుట్టుకునేది సర్ఫేస్ ఏరియా తగ్గించుకోవడానికే కదా.

అలాగని కోట్లన్నీ దండగ అనను. బక్కపల్చటి, పొట్టి బొచ్చు జాతులకి, చివావా లాంటి బుల్లి కుక్కలకి, ముసలివాటికి, జబ్బు చేసినవాటికి చలికాలంలో నిజంగానే అవసరం. హస్కీకి మాత్రం కోటు తొడక్కండి బాబూ. దానికి పుట్టుకతోనే రెండు పొరల బొచ్చుంది. హైదరాబాద్‌లో దాని సమస్య చలి కాదు, ఏప్రిల్.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు కొనేటప్పుడు ఎస్, ఎమ్, ఎల్ చూసి ఆర్డర్ పెట్టేస్తారు. అలా కాదు, టేపు తీయండి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా ఒక కొలత. ముందుకాళ్ల వెనక, ఛాతీ ఎక్కువ వెడల్పున్న చోట చుట్టూ ఒక కొలత. మెడ చుట్టుకొలత ఇంకొకటి. తొడిగాక బట్టకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మగకుక్క అయితే పొట్ట కింద బట్ట ఎక్కడిదాకా వస్తుందో చూసుకోండి, లేకపోతే మొదటి కరెంటు స్తంభం దగ్గరే కోటు పాడవుతుంది. తొడిగాక కాసేపు నడిపించి చంకలు ఒరుసుకుంటున్నాయేమో చూడాలి. కుక్క బొమ్మలా బిగుసుకుపోయి నిలబడితే "అబ్బ, ఎంత బుద్ధిగా ఉందో" అని మురిసిపోకండి. దానికి అది నచ్చలేదని అర్థం.

నా వాదన ఒక్కటే. కోటు అనేది సాయంత్రం తొడిగి పొద్దున విప్పే మనిషి ఉన్న కుక్కకి. క్యాంపస్ కుక్కకి కావల్సింది వేరు. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి, రెండు చెక్కల మీద, గాలి తగలని మూల పడేస్తే చాలు. గచ్చు నుంచి వచ్చే చలే వాటికి అసలు శత్రువు. గడ్డి తడిస్తే మార్చడం కూడా తేలిక. కాకపోతే దీనికి రీల్ రాదు, ఫొటోలో చెత్తకుప్పలా ఉంటుంది.

ఇంకా డబ్బులు మిగిలితే మెరిసే పట్టీ ఉన్న కాలర్లు కొనండి. అందులో ఉండే సన్నటి గాజుపూసలు హెడ్‌లైట్ వెలుతుర్ని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. వెనక గేటు రోడ్డు మీద రాత్రి పదింటికి బైక్ మీద వచ్చేవాడికి నల్లకుక్క కనపడాలంటే అదొక్కటే దారి. గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్ ఉన్నవే తీసుకోండి, కంచె పాఠం మర్చిపోవద్దు. పిల్లలకి అసలే వద్దు, అవి పెరుగుతాయి, కాలర్ పెరగదు.

మా పన్నెండిట్లో ఇప్పుడు ఒక్క కోటే వాడకంలో ఉంది. గేటు దగ్గరుండే ముసలి కుక్కది. సాయంత్రం నేను తొడుగుతాను, పొద్దున డ్యూటీ దిగేముందు అంకుల్ విప్పి గ్రిల్ మీద ఆరేస్తాడు. సెమ్ సెలవులకి నేను ఊరెళ్తే ఎవరు తొడుగుతారో ఇంకా తేలలేదు. హాస్టల్‌లోనే ఉండిపోయేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.