పొలం తాకట్టు పెట్టి ఐ.టి. సీటు కొనవద్దు

ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకులు వెలువడగానే తల్లాడ ప్రాంతపు రైతుల ఇళ్లలో ఏటా ఒకే చర్చ సాగుతుంది. అబ్బాయినో అమ్మాయినో ఐ.టి.లో గాని, కంప్యూటర్ సైన్సులో గాని చేర్చాలి. కన్వీనర్ కోటాలో రాకపోతే మేనేజ్‌మెంట్ సీటైనా కొనాలి. మిర్చి అమ్మిన పైకం చాలకపోతే పొలం తాకట్టుకైనా సిద్ధపడుతున్నారు. ఈ తొందర మంచిది కాదు.

ఈ ఆశకు కారణం లేకపోలేదు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ చదువు వల్ల ఎన్నో పల్లె కుటుంబాలు బాగుపడ్డాయి. 2020లో మన ఖమ్మంలోనూ ఐ.టి. హబ్ వెలిసింది. అయితే ఈ రంగానికీ ఎగుడుదిగుళ్లున్నాయి. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు ఆఫర్ లెటర్లు అందుకున్నవారు సైతం నెలల తరబడి పిలుపు కోసం ఎదురుచూశారు. 2025లో టి.సి.ఎస్. వంటి పెద్ద సంస్థే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. కొత్తవారికి అప్పగించే చిన్న చిన్న ప్రోగ్రాములను ఇప్పుడు కృత్రిమ మేధ రాసిపెడుతున్నది.

అంటే ఉద్యోగాలే లేవని కాదు. పట్టా ఒక్కటే చూసి ఇచ్చేవారు లేరు. లెక్కల్లో పట్టు, సొంతంగా ప్రోగ్రాం రాయగల నేర్పు, ఇంగ్లీషులో తడబడకుండా నాలుగు మాటలు చెప్పగల ధైర్యం ఉన్నవారినే కంపెనీలు తీసుకుంటున్నాయి. ఐ.టి. అయినా, కంప్యూటర్ సైన్సయినా వారు పెట్టే పరీక్ష ఒక్కటే. కాబట్టి బ్రాంచి పేరు కంటే కాలేజీ ముఖ్యం. చేరేముందు అక్కడి ఆఖరి సంవత్సరం విద్యార్థులను కలవాలి. నిరుడు ఎన్ని కంపెనీలు వచ్చాయో, ఎందరిని తీసుకున్నాయో, ఎంత జీతమిచ్చాయో అడగాలి. కాలేజీ వేసిన ఫ్లెక్సీని నమ్మరాదు.

మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. నాలుగేళ్ల భారమంతా తండ్రి మీదే పడుతుంది. చదువు ముగిశాక డబ్బు కడితే దొడ్డిదారిన ఉద్యోగమిప్పిస్తామనే దళారులు ఎదురవుతారు. వారిని దరిచేరనివ్వరాదు.

తక్కువ ఖర్చు మార్గాలు వేరే ఉన్నాయి. 2008లో నెలకొల్పిన బాసర ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులను బట్టే సీట్లిస్తుంది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అక్కడ అదనపు పాయింట్లు కలుపుతారు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ సంగతులు చాలా ఇళ్లకు తెలియకనే గడువు దాటిపోతున్నది.

ఈ లోపం సరిదిద్దడం కష్టమేమీ కాదు. పదో తరగతి, ఇంటర్ ఫలితాలకు ముందే విద్యాశాఖ మండల కేంద్రాల్లో తల్లిదండ్రులతో సమావేశాలు జరపాలి. ఈ గ్రామాల నుంచి వెళ్లి కంపెనీల్లో పనిచేస్తున్న యువకులు, యువతులు సెలవులకు వచ్చినప్పుడు పాఠశాలకు వెళ్లి, ఉన్నదున్నట్లు పిల్లలకు చెప్పాలి. అధికారులు రాబోయే ఫలితాలలోగా ఇందుకు పూనుకోవాలి.