పట్టుదారము - సుంకముల పాఠము

దిగుమతి సుంకములు పెరిగినప్పుడెల్ల వర్తక కంపెనీలవారు వేయు మొదటి ప్రశ్న యొక్కటియే: సరకు నిక నెచ్చటినుండి తెప్పించుకొనవలయును? ఈ ప్రశ్న బొంబాయి, మద్రాసు నగరముల వర్తకులకు మాత్రమే సంబంధించినదని మన రైతులు భావించుట పొరపాటు. మూడు రాష్ట్రముల పొలిమేరలు చేరువగానున్న పలమనేరు సీమలో మల్బరీతోట వేసి, చంద్రికలపై పురుగు నెక్కించు రైతునకు దీనితో ప్రత్యక్షసంబంధము గలదు. ఈ ప్రాంతపు పట్టుగూళ్లు రామనగరము, శిడ్లఘట్ట సంతలకు పోవుచున్నవి. అచ్చట తీయు దారమునకును, చీనాదేశమునుండి వచ్చు దారమునకును ధర్మవరము, కాంచీపురముల మగ్గములకడ పోటీ. ఆ పోటీలో ఎవరు నిలుతురో నిర్ణయించునది పెక్కుమారులు సుంకపు రేటే.

ఆ రేటు చరిత్ర చూడుడు. చీనా, జపానుల చౌకదారము ధాటికి మన పట్టు పరిశ్రమ కుంగిపోగా 1934లో రక్షణసుంకము విధింపబడెను. స్వాతంత్ర్యానంతరము సుంకము కొనసాగినను పోటీ తీరలేదు. 2003లో చీనాదారముపై ప్రత్యేకముగ డంపింగు నిరోధక సుంకము వేయవలసివచ్చెను. 2011 బడ్జెటులో ముడిపట్టుపై సుంకము 30 శాతమునుండి 5 శాతమునకు ఒక్కసారిగ దింపబడెను. గూళ్ల ధరలు కూలెను. రైతులు గగ్గోలు పెట్టిరి. 2013లో అది 15 శాతమునకు పెంచబడెను. పిమ్మట 10కి దిగెను. 2021లో మరల 15కి ఎక్కెను. నూరు రూపాయల సరకునకు అయిదు రూపాయల సుంకమని లెక్కవేసి బేరము కుదుర్చుకొన్న వర్తకుడు రెండేండ్లలో పదునైదు రూపాయలు చెల్లింపవలసివచ్చినచో ఆతని లాభ మెక్కడ మిగులును? ఒక్కసారి నాటిన మల్బరీ పదునైదేండ్లవరకు ఆకునిచ్చును. సుంకము మాత్రము ఒక్క బడ్జెటు రాత్రిలో మారును. ధర పడినదని తోట పెరికి టొమాటో నాటిన రైతు, ధర లేచిన మరునాడే మరల పట్టుగూళ్లు తేగలడా?

నేతగాండ్ర పక్షమునను న్యాయము గలదు. చీనాదారమును వారు మోజుచే కొనుట లేదు. పడుగునకు తెగని, సమమైన పోగు కావలయును. మనవైపు చిరకాలముగ పెంచు సంకరజాతి పురుగు ఎండల కోర్చును గాని, దాని గూటినుండి వచ్చు పోగు పొట్టి, హెచ్చుతగ్గులు గలది. అది పేకకు చెల్లును. వేగముగ నడచు మరమగ్గపు పడుగునకు చాలదు. ద్వివార్షిక జాతి, అనగా బైవోల్టిన్ గూటినుండి వేయి మీటర్లకు పైబడిన పోగు వచ్చును. సంకరజాతి గూళ్లు ఏడెనిమిది కిలోలు కావలసినచోట ఇవి ఆరు ఆరున్నర కిలోలున్న కిలో దారము దిగును. కావున నాణ్యత పెంచక సుంకము మాత్రము పెంచిన, ఆ భారము మగ్గమువానిపై పడును. సుంకము దింపి ఊరకున్న, రైతు నశించును.

ఈ సందున కంపెనీలవారు చేయదగినదేమి? కొందరు సుంకము పెరిగినంతనే మరియొక దేశపు చీటీ తగిలించి అదే సరకును తెప్పింప జూతురు. ఎగుమతి చేయుదుమని సుంకము లేకుండ తెచ్చిన దారమును లోపాయకారిగ దేశములోనే అమ్మువారును గలరు. ఇది వర్తకము గాదు, వంచన. పట్టుబడిననాడు జరిమానా వారిదే. పట్టుబడనన్నాళ్లు నష్టము రైతుది, నీతిగల వర్తకునిది.

మరికొందరు ఒక్క దేశమునే నమ్మి కూర్చుందురు. దాని ఫలము ప్రపంచమునకు తెలియనిది కాదు. 1930లలో అమెరికా మేజోళ్ల మిల్లులకు వలసిన ముడిపట్టులో అత్యధికభాగము జపానుదే. 1941 జూలైలో అమెరికా జపాను ఆస్తులను స్తంభింపజేయగా ఆ రాకడ నిలిచిపోయెను. మిల్లులు నైలానువైపు తిరిగెను. నైలాను మేజోళ్లు 1940 మే నెలలోనే అంగళ్లకు వచ్చియుండెను. యుద్ధము ముగిసినను మేజోళ్ల వ్యాపారములో పట్టు తన పూర్వస్థానమును మరల పొందలేదు. ఒక్కచోట కొనువాడును, ఒక్కచోటనే అమ్మువాడును కూడ చెడిన దృష్టాంత మిది. అమ్మకములోను ఈ నీతియే. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా ప్రభుత్వము మన సరకులలో అనేకములపై 50 శాతము సుంకము వేసెను. ఆ యొక్క విపణినే నమ్ముకొన్న ఎగుమతిదారుల అవస్థ మనము చూచినదే.

కావున బుద్ధిమంతుడగు వర్తకుడు మూడు పనులు చేయవలయును. మొదటిది, దారపు ధర నొక్కదానినే గాక సుంకము, ఓడకూలి, ఆలస్యము, రూపాయి మారకపు హెచ్చుతగ్గులు అన్నియు కలిపి లెక్క చూచుకొనవలయును. అట్లు చూచిన, చౌకయని తోచినది పెక్కుమారులు చౌక గాదు. రెండవది, కొనుగోలును పంచుకొనవలయును. మూడవది ముఖ్యము: ఇచ్చటి రైతుతో ముందుగనే ఒడంబడిక చేసికొని, మంచి గుడ్లు, చాకీ పురుగులు సమకూర్చి, గూటిని తూకముచే గాక నాణ్యతచే వెలగట్టవలయును. ఇది ఊహామాత్రము గాదు. దేశములో బైవోల్టిన్ పట్టు 2011-12లో సుమారు 1,700 టన్నులుండగా, 2021-22 నాటికి 8,000 టన్నుల దరికి చేరినది. వెల నిలుకడగ దొరకుచోట మన రైతు నేర్వలేనిది లేదు.

ప్రభుత్వమునకును బాధ్యత గలదు. సుంకము పెంచిన మంచిదే; కాని ఎన్ని సంవత్సరములకో, ఏ క్రమమున దిగునో ముందుగనే ప్రకటింపవలయును. అట్టి ప్రకటన యున్నచో కంపెనీ ధైర్యముగ మూలధనము పెట్టును, రైతు ధైర్యముగ తోట వేయును. ఆ సుంకమువలన వచ్చు ధనములో కొంత గూళ్ల పరీక్షాకేంద్రములకును, యంత్రములతో దారము తీయు చిన్న పరిశ్రమలకును వ్యయపరచుట న్యాయము.

రైతులకును ఒకమాట. సుంకము గొడుగు వంటిది. వాన నాపును గాని పంట పండింపదు. గొడుగు నీడ నున్నకాలములోనే మంచి పురుగు, మంచి ఆకు, మంచి గూడు సాధించుకొనవలయును. పలమనేరు గూటినుండి తీసిన పోగు కంచిపడుగుగ తెగక నిలిచిననాడు, ఢిల్లీలో ఏ రేటు మారినను వర్తకుడు తానై మన సంతకు వచ్చును.