చౌక కెమెరా కొనేముందు చూడాల్సింది వెలుతురు
కబడ్డీ పోటీలనో బైకు విన్యాసాలనో చిత్రీకరించాలని, అదే కెమెరాతో లఘుచిత్రం కూడా తీయాలని ఆశపడే యువత చాలామందే. కూడబెట్టిన కొద్దిపాటి డబ్బుతో దుకాణానికి వెళ్లి వారు మొదట చూసేది పెట్టెపై ఉన్న ‘4కె’నే. మోసపోయేదీ అక్కడే.

4కె అంటే ఒక్కో ఫ్రేములో 3840×2160, సుమారు 83 లక్షల పిక్సెళ్లు. కొన్ని చౌక కెమెరాలు అంతకన్నా తక్కువ పిక్సెళ్లతో తీసిన దృశ్యాన్నే లెక్కలతో సాగదీసి 4కెగా చూపుతాయి. కొత్త వివరమేమీ చేరదు. దానికన్నా నిజమైన 1080పి నయం.

అసలు సంగతి వెలుతురు. చాలా యాక్షన్ కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సరు కన్నా ఎపిఎస్-సి సెన్సరు వైశాల్యం పది రెట్లకు పైనే. ఎండలో ఈ తేడా పెద్దగా తెలియదు. పొద్దువాలితే చిన్న సెన్సరు కాంతి చాలక ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు నమోదు చేస్తుంది. పరుగెత్తే ఆటగాడు అలికినట్టు కనిపిస్తాడు. ఎలక్ట్రానిక్ స్థిరీకరణ ఫ్రేములను అటూఇటూ జరిపి కుదుపును తగ్గించగలదే తప్ప, ఫ్రేములో పడిన ఆ మసకను తుడవలేదు. స్లో మోషన్‌దీ ఇదే ఇబ్బంది: సెకనుకు 120 ఫ్రేములు తీస్తే ఒక్కోదానికి దక్కేది సెకనులో 120వ వంతుకు మించదు.

పగటి ఆటలకు చిన్న యాక్షన్ కెమెరా చాలు. గదుల్లో, రాత్రిళ్లు తీసే లఘుచిత్రానికి మాత్రం పెద్ద సెన్సరున్న పాత మిర్రర్‌లెస్ కెమెరాను సెకండ్ హ్యాండ్‌లో కొని, మిగిలింది మంచి మైకుకు పెట్టడమే తెలివి. ఏది కొన్నా, దుకాణంలో దీపాలు తక్కువున్న మూల ఒక నిమిషం నడుస్తూ తీసి చూడాలి. అందుకు ఒప్పుకోకపోతే వేరే దుకాణం చూసుకోవచ్చు.