రెండు నాభుల నడుమ ఒక ఎలక్ట్రాన్

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ పేర్లు వినగానే మనకు స్ఫురించేది వెండితెర. ఆ తెరను చేరే వెలుగు ఎక్కడ పుడుతుందని అడిగేవారు అరుదు. ఫిల్ము రీళ్ల కాలంలో ఆర్క్ ప్రొజెక్టర్ల దీపం వెనుక దీర్ఘవృత్తాకార దర్పణం ఉండేది. దాని ఒక నాభి వద్ద కార్బన్ ఆర్క్ మండితే, ఆ కాంతి పరావర్తనం చెంది రెండవ నాభి దాపున, ఫిల్ము ఉన్న చోట కూడుకొనేది. రెండు నాభుల ఈ జ్యామితియే అణుభౌతికంలోని ఒక చిక్కుముడిని కూడా విప్పింది.

హైడ్రోజన్ పరమాణువును మనం తరగతిలో చదువుతాం. కేంద్రకం ఒక్కటే గనుక గోళీయ నిరూపకాలు సరిపోతాయి. దానికి మరొక ప్రోటాన్‌ను చేరిస్తే హైడ్రోజన్ అణు అయాన్ అవుతుంది, గోళ సౌష్ఠవం చెదిరిపోతుంది. 1922లో పౌలీ పాత క్వాంటం సిద్ధాంతంతో ప్రయత్నించి సరియైన ఫలితం పొందలేకపోయాడు. ష్రోడింగర్ సమీకరణం వెలువడిన మరుసటి ఏడు, 1927లో, బురౌ దానిని సాధించాడు.

ప్రోటాన్లను రెండు నాభుల వద్ద నిశ్చలంగా నిలిపి, ఎలక్ట్రాన్‌కు వాటి నుండి గల దూరాల మొత్తాన్ని ఒక నిరూపకంగా, భేదాన్ని మరొక నిరూపకంగా, అక్షం చుట్టూ తిరిగే కోణాన్ని మూడవదిగా తీసుకోవాలి. అప్పుడు సమీకరణం మూడు విడి సమీకరణాలుగా చీలిపోతుంది. వాటి సాధనలు గోళాభ తరంగ ప్రమేయాల కుటుంబానికి చెందినవి.

‘దీనివల్ల ప్రయోజనమేమి?’ అని మిత్రులు అడుగుతారు. మన తరగతులలో రెండు పరమాణు ప్రమేయాలను కూడి ముగించే సులభ పద్ధతి ప్రోటాన్ల మధ్య దూరం 1.32 ఆంగ్‌స్ట్రామ్‌లనీ, బంధశక్తి సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులనీ చెబుతుంది. గోళాభ ప్రమేయాలిచ్చే ఖచ్చితమైన విలువలు 1.06, 2.8. ఇంత అంతరాన్ని చూపక, ఉజ్జాయింపునే సత్యమని విద్యార్థి చేత వల్లె వేయించడం న్యాయమా? పెద్ద అణువుల ఉజ్జాయింపు పద్ధతులకు ఈ ఫలితమే గీటురాయి. పరమాణువులతో అయాన్ల అభిఘాతాల గణనకూ ఈ ప్రమేయాలే ఆధారం.

ఇది మాతృభాషలో చదివి వచ్చినవారికి అందని ఫలమని కొందరి అభిప్రాయం. దానితో నేను ఏకీభవించలేను. 1917లో అనువాద విభాగాన్ని నెలకొల్పి, 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉన్నత విద్యకు పూనుకొన్న ఉస్మానియా ఈ నగరంలోనే ఉంది. తెలుగులో శాస్త్రగ్రంథాలకై తెలుగు అకాడమీ 1968లో వెలసింది. అణువుల సౌష్ఠవాన్ని సమూహ సిద్ధాంతంతో వివరించిన భగవంతం, వెంకటరాయుడుల గ్రంథం 1948లో వాల్తేరు నుండి వెలువడింది. మనకు కొరవడినది శక్తి కాదు, సంకల్పం.

కనుక కళాశాల పాలకవర్గం వారికి నా విన్నపం: ఏడాదికి ఐదు సాయంకాలాలు ఈ ఒక్క సమస్యకు కేటాయించండి. ‘దీర్ఘవృత్తాకారం’ పక్కన ‘బైజవీ’ అని ఉర్దూలోనూ నల్లబల్లపై వ్రాయిద్దాం. పరికరాలకు ఖర్చేమీ లేదు: రెండు మేకులు, ఒక దారం, ఒక సుద్దముక్క. మేకులకు దారం బిగించి గీసిన ఆ వక్రరేఖ నుండి అణువు దాకా మన విద్యార్థులు స్వయంగా నడిచి వెళ్లగలరని నా దృఢ విశ్వాసం.