తీగ లేని ఛార్జింగ్ – ఎవరికి మేలు, ఎవరికి జాగ్రత్త?

పేస్‌మేకర్ ఉన్న ఒక పెద్దాయనకు అమెరికా నుండి వచ్చిన కొడుకు చేతి గడియారం తెచ్చాడు. దానికి తీగ గుచ్చనక్కరలేదు, ఒక చిన్న పలక మీద పెడితే చాలు, ఛార్జ్ అవుతుంది. “డాక్టరుగారూ, నేనిది వాడవచ్చునా?” అని పెద్దాయన అడిగారు. “అందరూ వాడుతున్నదే కదా నాన్నా, ఏమీ కాదు” అన్నాడు కొడుకు. తండ్రి అడగడమే మంచిదయిందని నా అభిప్రాయం.

ఇందులో మాయ ఏమీ లేదు. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. పలకలో రాగితీగ చుట్ట ఉంటుంది. దానిలో కరెంటు పారితే చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత శక్తి పుడుతుంది. అది పరికరంలోని మరో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. రెండూ దగ్గరగా ఉండాలి.

ఇది సెల్‌ఫోను కోసం పుట్టిన సదుపాయం కాదని చాలామందికి తెలియదు. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి ప్రపంచంలో మొదటిసారిగా శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. దాని బ్యాటరీని చర్మం మీద నుండే ఇలా ఛార్జ్ చేసేలా తయారుచేశారు. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అయినా తరువాత అమర్చిన అనేక పేస్‌మేకర్లతో ఆయన 2001 వరకు, 86 ఏళ్లు జీవించారు. నేటి పేస్‌మేకర్లలో ఏళ్ల తరబడి పనిచేసే లిథియం బ్యాటరీలు ఉంటాయి. వాటిని ఇంట్లో ఛార్జ్ చేయనక్కరలేదు, అందుకు ప్రయత్నించకూడదు కూడా.

తీగ లేని ఛార్జింగ్ వల్ల అసలు మేలు రోగులకు, వృద్ధులకే అని నేనంటాను. పార్కిన్సన్ జబ్బుకు మెదడులో తీగలు అమర్చినవారికి ఛాతీలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. మామూలు రకమైతే బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మళ్లీ ఆపరేషన్ చేసి మార్చాలి. చర్మం మీద నుండి ఛార్జ్ చేసే రకమైతే ఆ ఆపరేషన్లు తగ్గుతాయి. అయితే ఛార్జింగ్ మరచిపోతే వణుకు తిరిగి వస్తుంది. కనుక గుర్తుచేసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి. వినికిడి యంత్రాల్లోనూ ఛార్జ్ చేసే రకాలు వచ్చాయి. చేతులు వణికే అవ్వ బొత్తాం వంటి బ్యాటరీని ప్రతి వారం మార్చే శ్రమ ఉండదు. మనుమలు ఆ బ్యాటరీని మింగే ప్రమాదమూ తప్పుతుంది.

ఇక జాగ్రత్త మాట. ఇలాంటి ఛార్జర్లలో చాలావాటికి పరికరం కదలకుండా అయస్కాంతాలు అమరుస్తారు. అయస్కాంతం బాగా దగ్గరకు వస్తే పేస్‌మేకర్ తన పద్ధతి మార్చుకుని ఒకే వేగంతో కొట్టవచ్చు. గుండెకు షాక్ ఇచ్చే ఐ.సి.డి. పరికరం అవసరమైన వేళ షాక్ ఇవ్వకుండా ఆగిపోవచ్చు. 2021లో అమెరికా వైద్యులు ఐఫోన్ 12ను ఒక రోగి ఛాతీ మీద ఉంచినప్పుడు ఐ.సి.డి. అలా ఆగిపోవడం గమనించారు. దూరం జరిపితే మళ్లీ మామూలుగా పనిచేసింది. ప్రమాదం తక్కువేనని, ఫోనును 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాదే సలహా ఇచ్చింది. ఛార్జ్ అవుతున్నప్పుడు 30 సెంటీమీటర్లకు పైగా, అంటే ఒక అడుగు దాటి ఉంచమని ఆ ఫోను తయారీదారులే చెబుతున్నారు.

కాబట్టి పేస్‌మేకర్ ఉన్నవారు ఫోనును చొక్కా జేబులో పెట్టవద్దు. ఛార్జింగ్ పలకను దిండు పక్కన కాక బల్ల మీద ఉంచండి. తల తిరిగినా, గుండె దడ వచ్చినా ముందు దూరం జరగండి, తరువాత మమ్మల్ని కలవండి.

పెద్దాయనతోనూ ఇదే చెప్పాను: “గడియారం చేతికి పెట్టుకోండి, పలకను మాత్రం గదిలో ఆ మూలన ఉంచండి.” పిల్లలారా, అమ్మానాన్నలకు ఇలాంటి కానుక కొనేముందు వారి ఒంట్లో ఏ పరికరం ఉందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.