పిల్లలకు గుర్తుండకపోతేనేం?

సంపాదకులకు,

అమెరికా యాత్రల మీద గత సంచికలో వచ్చిన వ్యాసంలో, అయిదేళ్లలోపు పిల్లల్ని పెద్ద అక్వేరియంకి తీసుకెళ్లడం డబ్బు దండగ అని తేల్చేశారు. వాళ్లకేమీ గుర్తుండదట! గుర్తుండడమే లెక్కయితే పసివాళ్లకు గోరుముద్దలు మాత్రం ఎందుకు తినిపిస్తాం?

మూడేళ్ల మనవరాలితో అట్లాంటాలోని జార్జియా అక్వేరియం చూశాను. 2005లో తెరిచారు. పెద్ద తొట్టిలో 63 లక్షల గాలన్ల ఉప్పునీరు, అందులో తిమింగల సొరలు. దాని అడుగున 100 అడుగుల సొరంగంలో నిలబడితే సొర పొట్ట మన నెత్తిమీదుగా సాగిపోతుంది. మేమంతా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తుంటే, మా పిల్ల అద్దం తుడుస్తున్న డైవర్‌కి చెయ్యి ఊపింది. అతనూ తిరిగి ఊపాడు. ఇక సొరతో దానికేం పని?

అంత పెద్ద సొర తినేది ఎక్కువగా ప్లవకాలూ చిన్న చేపలూనే. గుజరాత్ తీరానికి వస్తుంది, మన విశాఖ జాలర్ల వలల్లోనూ పడుతుంటుంది. 2001 నుంచి మన దేశంలో దానికి చట్టరక్షణ ఉంది. వ్యాసకర్త ఈ ముక్క ఒక్కటీ రాయలేదు, టికెట్ ధర మాత్రం రెండుసార్లు రాశారు.

సెలవురోజు మధ్యాహ్నం ఏ అక్వేరియంలోనైనా పిల్లలకు కనిపించేవి పెద్దవాళ్ల కాళ్లే, అది నిజం. పొద్దున్నే వెళ్లండి. అన్నీ చూసితీరాలన్న పంతం వద్దు. టేకు చేపల్ని తాకనిచ్చే తొట్టి దగ్గర పిల్లలు ఓ పట్టాన కదలరు, సంచిలో పొడి చొక్కా ఒకటి ఉంచుకోండి.

— ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం