ముందు డబ్బా విప్పండి, తర్వాత పర్సు

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన మర్నాడు మా హాస్టల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "మామా, పదిహేను వేలల్లో ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటావ్?" అంతే, కారిడార్‌లో ఉన్న ప్రతివాడూ ఒక్కో కార్డు పేరు చెప్తాడు. యూట్యూబ్‌లో చూసిన ఫ్రేముల లెక్కలన్నీ బయటికొస్తాయి. అరగంట వాదన నడుస్తుంది. ఆ అరగంటలో ఒక్కడు కూడా "అసలు నీ సిస్టమ్‌లో ఏముందిరా?" అని అడగడు.

నా అభిప్రాయం ఒక్కటే. తక్కువ డబ్బుతో కార్డు మార్చాలనుకునేవాడు అన్నిటికంటే ఆఖరున చూడాల్సింది కార్డు పేరు. మొదట చూడాల్సినవన్నీ మన ఇళ్ళల్లో 'సీపీయూ' అని పిలుచుకునే ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఇదేదో చదివి చెప్పట్లేదు, పదకొండు వేలు పోసి నేర్చుకున్నా.

నాది ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు. ఇంటర్ అయ్యాక నాన్న కొనిచ్చింది. సెకండియర్‌కి వచ్చేసరికి కొత్త గేములు ఆగి ఆగి నడవడం మొదలెట్టాయి. అదే టైమ్‌లో ఆన్‌లైన్‌లో ఎవరో 8 జీబీ ఆర్ఎక్స్ 580 కార్డుని 7,500కి అమ్మకానికి పెట్టారు. నాలుగెక్కడ, ఎనిమిదెక్కడ! ఇంటికి ఫోన్ చేసి "మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకి కావాలి" అని చెప్పా. అమ్మ చీటీ పాడిన డబ్బుల్లోంచి తీసి పంపించింది.

కార్డు పెట్టిన మొదటి రాత్రే, గేమ్ మధ్యలో సిస్టమ్ ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేశా, మళ్ళీ అంతే. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ బరువు మోయలేకపోయింది. దాని మీద 450 వాట్లు అని స్టిక్కరైతే ఉంది. స్టిక్కర్‌కేం, ఎంతైనా రాసుకోవచ్చు. ఇంకో 3,600 పెట్టి మంచిది కొనాల్సి వచ్చింది.

ఈ లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి అందేది 75 వాట్లే. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. 6 పిన్నుల వైరు ఇంకో 75, 8 పిన్నులది 150 వాట్ల వరకు ఇవ్వగలదు. నా పాత 1650 స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకునేది. 580 అడిగేది 185. తమాషా ఏంటంటే, 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 అంతకంటే ఎంతో వేగంగా నడుస్తూ 132 వాట్లే తింటుంది. అంటే పాత కార్డు చవగ్గా దొరికినా దాన్ని మేపడానికి ఖర్చు ఎక్కువ. కార్డు ధరలో ఎస్‌ఎమ్‌పీఎస్ ధర కూడా కలిపి చూడనివాడు బడ్జెట్ వేసినట్టే కాదు.

రెండో దెబ్బ వారం తర్వాత తగిలింది. మా ఫ్రెండొకడు జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసి చూపించాడు. అసలైన 580లో 2304 షేడర్ యూనిట్లు ఉండాలి. నా దాంట్లో 2048. పేరు అదే, సరుకు వేరు. ఇదేదో దొంగ సరుకు కూడా కాదు, 2048 యూనిట్లతో 580 పేరు మీదే నిజంగా వచ్చిన రకం. నేనడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు.

ఈ పేర్ల గోల 580తో అయిపోలేదు. జీటీఎక్స్ 1060లో 3 జీబీది, 6 జీబీది ఉన్నాయి. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటాం, కానీ కోర్లు కూడా వేరు: ఒకదాంట్లో 1152, ఇంకోదాంట్లో 1280. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే. 2022లో వచ్చిన 8 జీబీ దాంట్లో 2560 కోర్లుంటే, 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ దాంట్లో 2304. ఇక ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే నాలుగు పీసీఐఈ లేన్లే వాడుకుంటుంది. 4.0 స్లాట్ ఉన్న కొత్త బోర్డుల మీద ఎలాగో నెట్టుకొస్తుంది, నా సిస్టమ్‌లాంటి 3.0 బోర్డు మీద పెడితే ఉన్న వేగం కూడా తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా కార్డు నంబరు ఒక్కటే చెప్తే, అది సగం సమాచారమే అనుకోండి.

మరి ఏం చేయాలి? ముందు పైసా ఖర్చు లేని పని. గేమ్ ఆడుతూ టాస్క్ మేనేజర్‌లో కార్డు ఎంత వాడకంలో ఉందో చూడండి. కార్డు నూటికి దగ్గర్లో ఉంటే అడ్డం పడుతున్నది నిజంగా కార్డే. కార్డు అరవై దగ్గర తీరిగ్గా ఉండి, ప్రాసెసర్ నిండిపోయి ఉంటే, ఎంత పెద్ద కార్డు తెచ్చినా ఉపయోగం లేదు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది వేయండి. ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులపండి. గేమ్‌లో షాడోలు కొంచెం తగ్గించండి. ఎఫ్‌ఎస్‌ఆర్ ఆప్షన్ ఉంటే పెట్టండి, అది పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. నేను రెండో ర్యామ్ స్టిక్ వేశాక ఆ ఆగి ఆగి నడవడం చాలావరకు పోయింది. ఆ పనేదో 580 కొనకముందే చేసి ఉంటే!

అన్నీ చేశాక కూడా కార్డే మార్చాలంటే, సెకండ్ హ్యాండ్‌కి భయపడక్కర్లేదు. "మైనింగ్ చేసిన కార్డురా, వద్దు" అంటారు చాలామంది. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు చాలా మార్కెట్లోకొచ్చిన మాట నిజమే. కానీ కార్డు గతం కంటే ఇప్పటి పరిస్థితి ముఖ్యం. మీ కళ్ళ ముందు అరగంట గేమ్ నడిపించమనండి. ఫ్యాన్ చప్పుడు వినండి, వేడి ఎంతకెళ్తుందో చూడండి, జీపీయూ-జెడ్ తెరిచి యూనిట్లు లెక్క చూసుకోండి. అప్పటిదాకా ఫోన్‌పే తెరవొద్దు. కొత్తది కొనేటట్టయితే, హైదరాబాద్ వాళ్ళు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో నాలుగు షాపులు తిరిగి అడగండి, ఆన్‌లైన్ ధరతో పోల్చుకోండి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదిలేస్తే, రేపు కార్డు పోయినప్పుడు వారంటీ అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

"స్టూడెంట్లకి ఇంత లెక్కెందుకు, ఉన్నదాంట్లో ఏదో ఒకటి కొనేసుకోవచ్చు కదా" అంటారేమో. స్టూడెంట్లకే లెక్క కావాలి. ఉద్యోగం చేసేవాడు తప్పు కొంటే వచ్చే జీతంతో సర్దుకుంటాడు. మనం తప్పు కొంటే ఇంట్లో ఎవరో ఒకరు సర్దుకోవాలి.

ఇంకో మాట ఒప్పుకోవాలి. ఆ మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు నేను చేశా. కానీ మేం రాసిన కోడ్‌కి క్యూడా కావాలి, అది ఎన్విడియా కార్డుల మీదే నడుస్తుంది, నేను కొన్నదేమో ఏఎమ్‌డీ. ప్రాజెక్టంతా గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా ఇచ్చే జీపీయూ మీదే చేశాం. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న అడిగారు, "ఏరా, ఆ కార్డు పనికొచ్చిందా?" అని. ఇక దాచలేక అంతా చెప్పేశా. గేముల కోసమే కొన్నానని, తప్పుది కొన్నానని, ఎస్‌ఎమ్‌పీఎస్ సంగతి, అన్నీ. తిడతారనుకున్నా. కాసేపు ఊరుకుని, "మరి పాతది ఎంతకి అమ్మావ్?" అన్నారు.

పాతదా? అది నా అల్మరాలో బట్టల కింద పడి ఉంది. ముందే కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ వేసి, 1650తోనే ఇంకో సెమిస్టర్ ఆగి, తర్వాత దాన్ని అమ్మి ఆ డబ్బు కలుపుకుని ఉంటే 6600 లాంటి కార్డు చేతికొచ్చేది. ఇంత ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టని లెక్క ఆయనకి ఒక్క ప్రశ్నలో తట్టింది.

కాలేజీకి తిరిగొచ్చాక మా జూనియర్ ఒకడు 1650 కొంటానని వచ్చాడు. ధర మాట్లాడుకునే ముందు వాడి రూమ్‌కెళ్ళి క్యాబినెట్ మూత తీయించా. ఎస్‌ఎమ్‌పీఎస్ చిన్నదే, విడి పవర్ వైరు లేదు. నా కార్డుకి ఆ వైరు అక్కర్లేదు కాబట్టి వాడికి సరిపోతుంది. వాడి దగ్గరే అరగంట గేమ్ నడిపించి, జీపీయూ-జెడ్ చూపించి, 5,000 తీసుకున్నా. ఆ డబ్బు అమ్మకి పంపించా.